వెతుకులాటకూ కులముంది

ఒక మనిషి ఇంటి నుంచి వెళ్లి తిరిగి రాకపోతే ఆ ఇంటివాళ్లు మొదట చుట్టాలకు ఫోన్లు చేస్తారు. తర్వాత బస్టాండు, రైల్వే స్టేషన్, ఆసుపత్రి తిరుగుతారు. మా గోదావరి డెల్టాలో అయితే కాలువ గట్లు, లాకులు కూడా చూసి వస్తారు. ఇవన్నీ అయ్యాకే పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతారు. అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న మీదనే ఆ తర్వాతి కథంతా ఆధారపడి ఉంటుంది. ‘చివరిసారి ఎక్కడ, ఎవరు చూశారు?’ అని అడిగితే అది దర్యాప్తు. ‘ఎవరితోనైనా లేచిపోయిందేమో కనుక్కున్నారా?’ అని అడిగితే అది తీర్పు. ఫిర్యాదు కాగితం మీద సిరా ఆరకముందే వెలువడే ఈ తీర్పులో కులానికి ఎంత వాటా ఉందో మనం ఇప్పటికీ సూటిగా చర్చించుకోలేదు.

చర్చించే అవకాశం ఒకసారి వచ్చింది. 2023 జులై 9న ఏలూరు సభలో జనసేన అధ్యక్షుడు పవన్ కల్యాణ్ రాష్ట్రంలో దాదాపు ముప్పై వేల మంది మహిళలు అదృశ్యమయ్యారని, అందులో వాలంటీర్ల పాత్ర ఉందని ఆరోపించారు. రాష్ట్రం భగ్గుమంది. వాలంటీర్లు రోడ్డెక్కారు, మహిళా కమిషన్ నోటీసు ఇచ్చింది. అదే నెలలో కేంద్ర హోంశాఖ పార్లమెంటు ముందు ఉంచిన లెక్క ప్రకారం 2019 నుంచి 2021 వరకు మూడేళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 7,918 మంది బాలికలు, 22,278 మంది మహిళలు, వెరసి 30,196 మంది కనిపించకుండా పోయారు. ఇదే కాలంలో దేశం మొత్తం మీద ఈ సంఖ్య 13.13 లక్షలు. ఒక పక్షం ఆ అంకెను జెండాలా ఎగరేసింది. ఇంకో పక్షం వారిలో అత్యధికులు తిరిగి దొరికారని, ఇతర రాష్ట్రాల్లో పరిస్థితి మరింత దారుణమని బదులిచ్చింది. వాలంటీర్ల మంచిచెడ్డల మీద వారాల తరబడి వాదం నడిచింది. ఆ 30,196 మంది ఎవరు, ఏ వాడల నుంచి, ఏ పేటల నుంచి, ఏ తండాల నుంచి మాయమయ్యారన్న ప్రశ్న మాత్రం ఏ పక్షం నోటా రాలేదు.

ఎవరైనా అడిగినా జవాబు దొరికేది కాదు. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ప్రచురించే అదృశ్య వ్యక్తుల పట్టికల్లో వయసు ఉంటుంది, స్త్రీ పురుష భేదం ఉంటుంది, రాష్ట్రం పేరు ఉంటుంది. కులం గడి ఉండదు. కులాన్ని లెక్కించడం ఆ సంస్థకు చేతకాక కాదు. అదే సంస్థ ప్రచురించే జైళ్ల గణాంకాల్లో ఖైదీలు ఎందరు ఎస్సీలు, ఎందరు ఎస్టీలు, ఎందరు ఓబీసీలు అన్నది ఏటా లెక్కగట్టి ఉంటుంది. మన స్టేషన్లలో ఫిర్యాదు రాయించుకునేటప్పుడు పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తితో పాటు కులం రాయించుకోవడం కూడా ఆనవాయితీయే. అంటే కింద స్టేషన్‌లో తెలిసిన సంగతి పైకి వెళ్లేసరికి రాలిపోతున్నది. జైలుకు చేరినవాడి కులం రాజ్యానికి తెలుసు, మాయమైనవాడి కులం మాత్రం తెలియదు. ఒక వర్గాన్ని నిందితులుగా లెక్కించడంలో ఉన్న శ్రద్ధ, అదే వర్గాన్ని బాధితులుగా లెక్కించడంలో లేకపోవడం గణాంక శాస్త్రపు సమస్య కాదు, రాజకీయ సమస్య.

ఈ డెల్టాకే చెందిన రెండు ఘటనలు చూద్దాం. 2024 జూన్‌లో భీమవరానికి చెందిన ఒక తల్లి కొత్తగా ఉపముఖ్యమంత్రి అయిన పవన్ కల్యాణ్‌ను కలిసింది. విజయవాడలో చదువుకుంటున్న తన మైనర్ కూతురు కనిపించకుండా పోయి తొమ్మిది నెలలైందని, పోలీసులు పట్టించుకోవడం లేదని కన్నీళ్లు పెట్టుకుంది. ఆయన ఆమె ముందే సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేశారు. ప్రత్యేక బృందం బయల్దేరింది. జులై మొదటి వారానికల్లా ఆ అమ్మాయి జమ్మూలో ఉన్నట్టు తేలింది, క్షేమంగా వెనక్కి తీసుకొచ్చారు. తొమ్మిది నెలలు కదలని కాగితం పది పన్నెండు రోజుల్లో దేశం ఆ చివరకు చేరింది. ఆ తల్లి కులమేమిటన్నది ఇక్కడ నా విషయం కాదు. పోలీసులకు వెతకడం చేతనవునని, వారిని కదిలించేది పైనుంచి వచ్చే ఫోను అని ఈ ఘటన రుజువు చేసింది. ఇక అలాంటి ఫోను చేయించుకోగల పలుకుబడి మన సమాజంలో ఎవరికి పుట్టుకతో వస్తుందో, ఎవరికి జీవితాంతం రాదో రాజకీయం చదివే పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

రెండో ఘటన 2020 జులై నాటిది. రాజమహేంద్రవరం ప్రాంతంలో ఒక దళిత బాలిక కనిపించకుండా పోయింది. ఆమెను నాలుగు రోజుల పాటు నిర్బంధించి పలువురు సామూహిక అత్యాచారం చేశారని, చివరికి ఒక పోలీస్ స్టేషన్ ఎదుటే వదిలి వెళ్లారని బయటపడింది. అరెస్టులు జరిగాయి, నాయకులు పరామర్శించారు, పరిహారం ప్రకటించారు. ఇందులో నన్ను నేటికీ వెంటాడేది ఆ చివరి అంశం. నేరం చేసినవాళ్లు సాధారణంగా పోలీస్ స్టేషన్‌కు దూరంగా పారిపోతారు. బాధితురాలిని తెచ్చి స్టేషన్ ముందే దింపి వెళ్లగలిగిన ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ అమ్మాయి కోసం ఎవరూ గట్టిగా వెతకడం లేదన్న నమ్మకం నుంచి వస్తుంది. వెతుకులాట లేకపోవడం నేరస్తుడికి దొరికే మొదటి సహకారం.

‘లేచిపోయింది’ అన్న మాట అన్ని కులాల ఆడపిల్లల మీదా పడుతుంది, ఇందులో కులం ఎక్కడుంది అని అడగవచ్చు. నిజమే, ఆ మాట మొదట స్త్రీ మీద అనుమానం. 2019 నవంబరు 27 రాత్రి హైదరాబాద్ శివార్లలో ‘దిశ’ కనిపించకుండా పోయినప్పుడు ఆమె కుటుంబానికీ స్టేషన్ పరిధుల తగాదాయే ఎదురైంది, ఎవరితోనైనా వెళ్లిపోయిందేమోనన్న మాటలే వినవలసి వచ్చిందని వారు చెప్పారు. ఆధిపత్య కులమో, మంచి ఉద్యోగమో ఆ మొదటి గంటల్లో ఆమెకు రక్షణ కాలేదు. కానీ ఆ తర్వాత జరిగినది చూడండి. జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు మూడు రోజుల్లో సస్పెండయ్యారు. పార్లమెంటు దద్దరిల్లింది. పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమెకు పెట్టిన పేరుతోనే ఒక బిల్లు ఆమోదించింది. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకునే జీరో ఎఫ్ఐఆర్ పద్ధతి మన రాష్ట్రంలో ఆ డిసెంబరులోనే ఊపందుకుంది. సరిగ్గా మూడు రోజుల ముందు, నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సరుకులమ్ముకునే బుడగ జంగం మహిళ ఒకరు ఇంటికి తిరిగి రాలేదు. మర్నాడు ఆమె శవం పొదల్లో దొరికింది. సామూహిక అత్యాచారం చేసి చంపారు. తమవారి కోసం దళిత సంఘాలు రోడ్డెక్కి గొంతెత్తాకే ఆమె కేసుకూ ప్రత్యేక కోర్టు వచ్చింది, ‘సమత’ అన్న పేరూ వచ్చింది. 2020 జనవరి 30న దోషులకు మరణశిక్ష పడింది. న్యాయస్థానం తన పని చేసింది. కానీ దేశం కొవ్వొత్తులు వెలిగించింది ఒకరి కోసం, చట్టానికి పేరు పెట్టుకున్నది ఒకరి పేరిట. ఒకే వారంలో ఒకే రాష్ట్రంలో రెండు ఘోరాల మధ్య మన సానుభూతి గీసిన గీత అది.

హాజీపూర్ మరో పాఠం. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఆ ప్రాంతంలో 2019 ఏప్రిల్‌లో ఒక పాఠశాల విద్యార్థిని కనిపించకుండా పోయింది. ఊరివాళ్లే వెతికి పాడుబడ్డ బావి దగ్గర ఆమె బ్యాగు చూశారు. తవ్వగా ఆమె మృతదేహం, ఆ తర్వాత నెల కిందట మాయమైన మరో యువతి అవశేషాలు, ఆపైన 2015లో పదకొండేళ్ల వయసులో తప్పిపోయిన ఇంకో పాప ఎముకలు బయటపడ్డాయి. నిందితుడికి 2020 ఫిబ్రవరి 6న నల్లగొండ ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష విధించింది. రెండో యువతి విషయంలో ఇంటివాళ్లు అసలు ఫిర్యాదే చేయలేదని, ఎవరితోనో వెళ్లిపోయిందనుకున్నారని అప్పుడు వార్తలొచ్చాయి. ‘లేచిపోయింది’ అన్న మాట స్టేషన్‌లోనే కాదు, ఇంటి లోపలా దర్యాప్తును చంపేస్తుంది. పరువు పోతుందన్న భయం తల్లిదండ్రుల నోరు నొక్కింది. నాలుగేళ్ల క్రితం తప్పిపోయిన పాపను నాడే పట్టుదలగా వెతికి ఉంటే మిగతా ఇద్దరూ బతికి ఉండేవారన్న ఆలోచన భరించడం కష్టం.

ఇంతవరకూ వెతకకపోవడం గురించి చెప్పాను. ఇప్పుడు దీని రెండో ముఖం. ఆధిపత్య కులపు అమ్మాయి దళిత అబ్బాయినో, వెనుకబడిన కులపు అబ్బాయినో ఇష్టపడి ఇల్లు విడిచినప్పుడు ఇదే పోలీసు యంత్రాంగానికి రెక్కలొస్తాయి. అక్కడ ‘లేచిపోయింది’ అన్న మాట వినిపించదు, ‘కిడ్నాప్’ అన్న మాట వినిపిస్తుంది. అబ్బాయి తల్లిదండ్రులను స్టేషన్‌కు పిలిపిస్తారు. అన్నదమ్ముల ఫోన్లు లాక్కుంటారు. సెల్ టవర్ల లెక్కలు గంటల్లో వస్తాయి. పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయిని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచవలసింది పోయి ‘పెద్దమనుషుల సమక్షంలో’ తండ్రికి అప్పగిస్తారు. చట్టం దృష్టిలో ఆమె తప్పిపోయిన మనిషి కాదు, వెళ్లిపోయిన మనిషి. వయోజనురాలు తన ఇష్టప్రకారం వెళ్లడం నేరం కాదు. అయినా అదృశ్యం కేసు అనే కాగితం ఆమెను వేటాడే వలగా మారుతుంది. పేటలోని ఆడపిల్ల నిజంగా తప్పిపోతే ‘లేచిపోయింది’ అంటారు. పెద్దింటి ఆడపిల్ల నిజంగా వెళ్లిపోతే ‘ఎత్తుకుపోయారు’ అంటారు. రెండు సందర్భాల్లోనూ అబద్ధమే గెలుస్తున్నది, రెండు అబద్ధాలూ ఒకే కుల వ్యవస్థకు కాపలా కాస్తున్నాయి.

ఈ రెండు ముఖాలూ ఒకే కేసులో కలిసి కనిపించిన ఉదంతం 2017 నాటి భువనగిరి కేసు. రజక కుటుంబంలో పుట్టిన ఒక యువకుడు, రెడ్డి కుటుంబంలో పుట్టిన ఒక యువతి ప్రేమించుకుని ఆ ఏడాది మార్చిలో ముంబయిలో పెళ్లి చేసుకున్నారు. అమ్మాయి తండ్రి నచ్చజెప్పి వెనక్కి రప్పించాడు. మే 2న ఆ యువకుడు భార్యను భువనగిరి బస్టాండు దగ్గర దింపాడు. ఆ తర్వాత అతడిని ఎవరూ చూడలేదు. అతడి తల్లిదండ్రులు స్టేషన్లు తిరిగారు. అమ్మాయి క్షేమంగా తండ్రి ఇల్లు చేరింది కనుక వెతుకులాట అక్కడితో ముగిసిపోయింది. ఆ ఇంట్లోనే మే 16న ఆమె ఉరికి వేలాడుతూ కనిపించింది. అబ్బాయి తండ్రి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశాడు. అతడిని జూన్ 1లోగా హాజరుపరచాలని న్యాయస్థానం ఆదేశించాక మే 27న పోలీసులు అసలు సంగతి ప్రకటించారు: కనిపించకుండా పోయిన మే 2 రాత్రే అతడిని చంపి, పొలంలో కాల్చి, బూడిదను మూసీలో కలిపారని, ఆ పని చేసింది అమ్మాయి తండ్రేనని.

ఇరవై ఐదు రోజులు. ఈ ఇరవై ఐదు రోజులూ ఆ కేసు ఒక అంతుపట్టని చిక్కుముడిగా చర్చకు నలిగింది. అబ్బాయి భయపడి దాక్కున్నాడని కొందరు, భార్యను వదిలేసి పారిపోయాడని కొందరు ఊహించారు. ఊహించని ఒకే ఒక్క విషయం అందరి కళ్లముందూ ఉంది: ఆధిపత్య కులపు అమ్మాయిని పెళ్లాడిన కింది కులపు అబ్బాయి మాయమైతే అనుమానం మొదట ఎటు వెళ్లాలి? దారి తెలియక ఆ కేసు చిక్కుముడి కాలేదు. తెలిసిన దారిలో నడవడానికి ఎవరికీ మనసొప్పకపోవడం వల్ల అయింది. తమిళనాడులోనూ ఇదే జరిగింది. 2015 జూన్ 23న తిరుచెంగోడు గుడి దగ్గర గౌండర్ కులానికి చెందిన సహవిద్యార్థినితో మాట్లాడుతూ కనిపించిన దళిత ఇంజనీరింగ్ పట్టభద్రుడు గోకుల్‌రాజ్ మర్నాడు రైలు పట్టాల మీద శవమై దొరికాడు. ఆత్మహత్యగా చూపించే ప్రయత్నం జరిగింది. గుడిలోని సీసీటీవీ దృశ్యాలు, తల్లి పట్టుదల లేకుంటే అది అలాగే ముగిసేది. 2022 మార్చిలో కోర్టు దోషులకు జీవితఖైదు విధించింది.

మగవాళ్ల అదృశ్యం గురించి మనం తక్కువ మాట్లాడతాం. పెళ్లయిన మగాడు అప్పుల బాధతో పారిపోయాడనో, తాగి ఎటో పోయాడనో తేల్చేయడం సులువు. పేటలో కుర్రాడు రెండు రోజులు కనబడకపోతే హైదరాబాద్ పనికి వెళ్లి ఉంటాడులే అంటారు. నేను పాఠం చెప్పే తరగతుల్లో సగానికి పైగా తొలితరం విద్యార్థులు. వేసవి సెలవులకు వెళ్లి తిరిగి రాని పిల్లల గురించి విచారిస్తే ఏదో పని దొరికిందట అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. ఎక్కడ, ఎవరి దగ్గర, ఏ షరతుల మీద అన్న వివరాలు తోటివారికీ తెలియవు. వలస అనే మాట అదృశ్యాన్ని కప్పిపెట్టడానికి ఎంత అనువైనదో అప్పుడు అర్థమవుతుంది.

డెల్టాకు ఇంకో అదృశ్యం ఉంది, అది ఏ పోలీస్ పట్టికలోకీ ఎక్కదు. రాజోలు, అమలాపురం, నరసాపురం, భీమవరం ప్రాంతాల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్‌లకు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లలో దళిత, వెనుకబడిన కులాల వారు అధికం. మూడు పంటలు పండే నేల మీద సెంటు భూమి లేని కుటుంబాలకు గల్ఫ్ ఒక్కటే పొలం. ఇంటిపని కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే పదోతరగతి చదవని స్త్రీకి కనీసం ముప్పై ఏళ్లుండాలని, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని నిబంధనలున్నాయి. రక్షణ కోసం పెట్టిన ఈ నిబంధనలను తప్పించుకునేందుకు ఏజెంట్లు సందర్శక వీసాల మీద పంపుతారు. అప్పుడు ఆ మనిషి వెళ్లినట్టు మన ప్రభుత్వం దగ్గర కార్మికురాలిగా నమోదు ఉండదు. ఆరు నెలలకు ఫోను ఆగిపోతుంది. స్థానిక స్టేషన్‌కు వెళితే ‘విదేశంలో జరిగినదానికి మేమేం చేస్తాం’ అంటారు. ఏజెంటు నంబరు మార్చేస్తాడు. 2024 జులైలో కోనసీమకు చెందిన ఒక యువకుడు ఖతార్‌లో ఉద్యోగమని చెప్పి తనను సౌదీ ఎడారిలో ఒంటెలు కాయడానికి పడేశారని వీడియో తీసి పంపాడు. అది మంత్రి కంట పడింది కనుక ఇల్లు చేరాడు. చేతిలో ఫోనుండి, దానికి చార్జింగుండి, అది మంత్రి కంట పడే అదృష్టముండి ఒక్కడు బయటపడ్డాడు. ఇంటి నాలుగు గోడల మధ్య ఫోను లాగేసుకున్న పనిమనిషి ఏ వీడియో తీస్తుంది?

వెతకడం సాధ్యం కాదన్న వాదన మాత్రం ఈ గోదావరి ఒడ్డున ఎవరూ చేయలేరు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. వరద ఉద్ధృతి, లోతు, సుడిగుండాలు, అన్నీ ప్రతికూలమే. అయినా కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో పదేపదే ప్రయత్నించి అక్టోబరు 22న ఆ బోటును గట్టుకు లాగింది. ముప్పై ఏడు రోజులు రాష్ట్రమంతా ఆ ఒడ్డు వైపే చూసింది. చిక్కుకున్న మృతదేహాలు చివరికి సొంతవాళ్లకు దక్కాయి. కళ్లముందు జరిగిన ప్రమాదం కనుక, మీడియా ఒడ్డున కూర్చుంది కనుక నది అడుగుదాకా వెళ్లి వెతికాం. అదే గోదావరి కాలువల్లో లాకుల దగ్గర చిక్కుకుని తేలే మృతదేహాలకు ‘గుర్తు తెలియని శవం’ అని పంచనామా రాసి ముగిస్తాం. ఒక జిల్లాలోని అదృశ్యం కేసును పక్క జిల్లాలో దొరికిన శవంతో పోల్చి చూసే పని ఇప్పటికీ ఎక్కువగా బంధువుల కాళ్ల మీదే నడుస్తున్నది.

ఇతర సమాజాలు ఈ ప్రశ్నను ఎలా ఎదుర్కొన్నాయో చూడటం మేలు. 2004లో అమెరికా నల్లజాతి పాత్రికేయురాలు గ్వెన్ ఐఫిల్, శ్వేతజాతి యువతి కనిపించకపోతే టీవీలన్నీ ఊగిపోవడాన్ని, నల్లజాతి యువతి కనిపించకపోతే మౌనం వహించడాన్ని ‘మాయమైన శ్వేత మహిళ జాడ్యం’ అని పిలిచారు. ఆ మాటతో అక్కడి న్యూస్‌రూములు తమ ముఖం తాము చూసుకోక తప్పలేదు. కెనడా ఇంకా ముందుకెళ్లింది. ఆదివాసీ స్త్రీల అదృశ్యాల మీద దశాబ్దాల పోరాటం తర్వాత 2014లో ఆ దేశ పోలీసు విభాగమే 1980 నుంచి 2012 వరకు 1,181 మంది ఆదివాసీ స్త్రీలు హత్యకు గురికావడమో, కనిపించకుండా పోవడమో జరిగిందని లెక్క చెప్పింది. స్త్రీ జనాభాలో నాలుగు శాతమున్నవాళ్లు హతులైన స్త్రీలలో పదహారు శాతమున్నారని తేలింది. ఆ అంకె వచ్చాకే జాతీయ విచారణ సంఘం ఏర్పడింది. 2019 జూన్‌లో ఆ సంఘం 231 సిఫార్సులతో తుది నివేదిక ఇచ్చింది. అక్కడ సమస్య తీరిపోలేదు. కానీ ‘మాకు కనిపించలేదు’ అని చెప్పే వీలు ప్రభుత్వానికి పోయింది. లెక్కించడం న్యాయం కాదు, న్యాయానికి మొదటి మెట్టు మాత్రమే. మనం ఆ మెట్టు కూడా ఎక్కలేదు.

కులం గడి పెడితే సమాజంలో చీలికలు పెరుగుతాయని, పోలీసులను కులం పేరుతో నిందించడం అవుతుందని ఆక్షేపించేవారున్నారు. సిబ్బంది కొరతతో నలిగే స్టేషన్ల కష్టం నాకు తెలియనిది కాదు. తప్పిపోయినవారిలో చాలామంది కొద్ది రోజుల్లో తిరిగి వస్తారన్నదీ నిజమే. అయితే ఎవరు తిరిగివస్తున్నారు, ఎవరు రావడం లేదు, ఎవరి కేసు ఎన్ని రోజులకు కదులుతున్నది అన్న లెక్క ఉంటేనే నిందకూ నిజానికీ తేడా తెలుస్తుంది. వివక్ష లేదని పోలీసు శాఖ నమ్మితే ఆ అంకెలు దాని పక్షానే సాక్ష్యం చెబుతాయి. 2011 జనగణన ప్రకారం పశ్చిమగోదావరిలో దాదాపు ఐదో వంతు జనం ఎస్సీలు. ఆచూకీ దొరకనివారిలో వారి వాటా కూడా అంతేనా, ఎక్కువా? ఈ ప్రశ్న అడిగే హక్కు ఈ జిల్లా పౌరులకు ఉంది.

చట్టం మన వైపే ఉంది. ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి అని 2013 నవంబరు 12న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన లలిత కుమారి తీర్పు మూలం ఏమిటో చాలామందికి గుర్తులేదు. కనిపించకుండా పోయిన మైనర్ కూతురి కోసం ఒక తండ్రి ఘజియాబాద్ స్టేషన్ చుట్టూ తిరిగి, ఫిర్యాదు నమోదు చేయడం లేదని న్యాయస్థానం తలుపు తట్టిన కేసు అది. అదే ఏడాది మేలో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో, తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ అపహరణ లేదా అక్రమ రవాణా జరిగిందన్న భావనతోనే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని కోర్టు ఆదేశించింది. 2018 మార్చి 27 నాటి శక్తి వాహిని తీర్పు, ఇష్టపడి పెళ్లి చేసుకున్న జంటలకు జిల్లాలో రక్షణ గృహాలు, ప్రత్యేక విభాగాలు ఉండాలంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ పరిధితో నిమిత్తం లేకుండా ఫిర్యాదు తీసుకోవాలంటుంది.

ఇన్ని తీర్పులున్నా ఒక కంత మిగిలింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కదలాలంటే నేరం ఏమిటో, చేసినవాడు ఆ కులాలకు చెందనివాడో తేలాలి. అదృశ్యం కేసులో అవి రెండూ ప్రారంభంలో తెలియవు. అంటే అత్యంత విలువైన తొలి గంటల్లో ఆ చట్టం గుమ్మం బయటే నిలబడుతుంది. శవం దొరికాకో, బాధితురాలు స్టేషన్ ముందు కుప్పకూలాకో లోపలికి వస్తుంది. అందుకే డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ప్రతి అదృశ్యం కేసులో సామాజిక వర్గం వివరం నమోదై, జిల్లాలవారీగా ఏటా ప్రచురితం కావాలి. నమోదుకు, ఆచూకీకి మధ్య పట్టిన రోజులు కూడా అందులో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ వ్యక్తి అదృశ్యమైతే, కులాంతర ప్రేమ లేదా పెళ్లి నేపథ్యం ఉంటే, డీఎస్పీ స్థాయి అధికారి మొదటి రోజు నుంచే పర్యవేక్షించాలి. నిర్లక్ష్యం రుజువైతే అత్యాచారాల నిరోధక చట్టం నాలుగో సెక్షన్ కింద అధికారి మీద చర్య ఉండాలి. ఇష్టపడి వెళ్లిన వయోజనురాలిని ఎవరికీ అప్పగించకుండా ముందు మేజిస్ట్రేట్ ఎదుట ఆమె మాట వినాలి. గల్ఫ్ వెళ్లిన ఆడవాళ్ల పేర్లు, ఏజెంట్ల పేర్లు గ్రామ సచివాలయాల్లో నమోదు కావాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.

ఏలూరు సభలో ఆనాడు ప్రశ్న వేసినవారు ఇప్పుడు అధికారంలో ఉన్నారు. ఆనాడు అధికారంలో ఉన్నవారు ఇప్పుడు ప్రశ్నలు వేస్తున్నారు. పట్టికలో గడి మాత్రం ఆనాడూ లేదు, నేడూ లేదు. భీమవరం తల్లికి దొరికిన ఫోను కాల్ మంచిదే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ ఉపముఖ్యమంత్రి దాకా వెళ్లలేని తల్లులు ఈ డెల్టా పేటల్లో ఎందరున్నారో, వాళ్ల కాగితాలు ఏ స్టేషన్‌లో ఎన్నాళ్లుగా పడి ఉన్నాయో ప్రభుత్వం బయటపెట్టగలదు. విద్యార్థి సంఘాలు, దళిత బహుజన సంఘాలు సమాచార హక్కు దరఖాస్తుతో ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు. రాజమహేంద్రవరం, ఏలూరు, భీమవరం, అమలాపురం, కాకినాడ పోలీసు కార్యాలయాలకు ఒక్కో దరఖాస్తు: గత ఐదేళ్లలో నమోదైన అదృశ్యం కేసులెన్ని, ఏ కులాల వారివి, ఎన్ని రోజుల్లో తేలాయి, తేలనివెన్ని. సమాధానం వస్తే అది మన దగ్గర తొలి లెక్క అవుతుంది. ఆ వివరం తమ దగ్గర లేదని జవాబొస్తే, ఆ కాగితాన్నే తీసుకుని న్యాయస్థానానికి వెళ్లవచ్చు.